పాట మనది, పేరెవరిది?

(గుత్తిలో దళిత యువ పాటగాళ్ళ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

పాట కట్టేవాడు మనిషిగా ఎదిగేది ఎట్లా, తన పాటలో తాను కనబడేది ఎట్లా అనే దాని మీద నన్ను మాట్లాడమన్నారు. నేను పాటగాణ్ణి కాదు. బడిపంతుల్ని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. అయితే వాడలో పాట ఎట్లా పుడుతుందో చూసినాను. ఆ పాట ఎట్లా చేతులు మారి మనది కాకుండా పోతుందో కూడా చూసినాను. అందుకని ఎదుగుదల గురించి చెప్పేముందు ఒక ప్రశ్న మీ ముందర పెడుతున్నాను. మనం కట్టిన పాట మీద మన పేరు ఎందుకుండదు?

పట్నాల్లో ఇప్పుడు ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటున్నారు. సినిమా కంపెనీ దయ లేకుండా సొంతంగా రాసి, సొంతంగా బాణీ కట్టి, యూట్యూబులో పెట్టేవాణ్ణి స్వతంత్ర కళాకారుడంటున్నారు. మంచిదే. కానీ మన వాడలో స్వతంత్రం అనే మాటకు ఇంకా పాత లెక్క ఒకటుంది. మా నాయన డప్పు కొట్టినాడు. ఊళ్ళో సావైతే పిలుపు. జాతరైతే పిలుపు. చాటింపు వేయాలంటే పిలుపు. ఒళ్ళు కాలిపోతున్నా, ఇంట్లో పెండ్లి ఉన్నా, 'రాను' అనే మాట ఆయన నోట్లోంచి వచ్చే వీల్లేదు. కొట్టినాక ఇచ్చేదానికి కూలి అని పేరు లేదు. ఇన్ని గింజలు, రోంత సారాయి. ఆయన చేతిలో ఎన్ని దరువులున్నాయో ఊరందరికీ తెలుసు. ఆయన పేరేమిటో ఊరికి అక్కర్లేదు. కులం పేరు పెట్టి 'ఒరే' అంటే సరిపోయేది.

కాబట్టి నా లెక్క ప్రకారం 'రాను' అనగలిగినవాడే స్వతంత్ర కళాకారుడు. ఏ దరువు కొట్టాల, ఎవరి కోసం కొట్టాల, ఎక్కడ కొట్టకూడదు అనేది తానే తేల్చుకునేవాడు. సొంత ఛానెల్ ఉండి కూడా రాజకీయ నాయకుని పుట్టినరోజుకు 'రాను' అనలేనివాడు స్వతంత్రుడెట్లయితాడు?

డప్పు పారేయాలా, పట్టుకోవాలా అని మన వాడల్లో ఇప్పటికీ కొట్లాట నడుస్తోంది. చదువుకున్న పిల్లోళ్ళు పారేయమంటారు. పెద్దోళ్ళు అది మా చేతివిద్యరా అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. ఏ దండోరా వేయడం వెట్టి పనిగా చూసినారో ఆ మాటే ఉద్యమం పేరయింది. డప్పు మారలేదు, దరువు మారలేదు. కొట్టమని చెప్పేవాడు మారినాడు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. అంటే సర్కారు కాగితం మీద మనం కళాకారులమైనాం. ఊరు మాత్రం ఆ మాట పలకడం ఇంకా నేర్చుకోలేదు.

ఇక పేరు సంగతి చూద్దాం. 15వ శతాబ్దంలో అన్నమయ్య వేల కీర్తనలు కట్టినాడు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో దాచినారు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత 20వ శతాబ్దంలో బయటికి తీసి అచ్చేసినారు. త్యాగరాజు తన పేరునే కీర్తనలో ముద్రగా వేసుకున్నాడు. వాళ్ళను తక్కువ చేసేదానికి ఇది చెప్పడం లేదు. రాగిరేకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పేరు నిలుస్తుందని చెబుతున్నాను.

మరి మన ఆసాదుల సంగతేమి? ఈ సీమ జాతరల్లో రాత్రంతా నిలబడి అమ్మవారి కథ పాడేవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు రాగిరేకు లేదు, తాటాకు లేదు. గుత్తి తాలూకా 1882 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ బళ్ళారి ప్రాంతపు ఆసాదుల గురించి థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1909లో రాసినాడు. దక్షిణ భారత కులాల మీద ఆయన వేసిన 7 సంపుటాల్లో వాళ్ళ కులం ఎక్కింది, ఆచారం ఎక్కింది. పాటగాడు ఎక్కలేదు. తర్వాత మన పండితులొచ్చి దీనికంతా 'జానపదం' అని ఒకే పేరు పెట్టినారు. జానపదమంటే కర్త తెలియని పాట అని మేం బళ్ళో పాఠం చెబుతాం. ఒకసారి ఏడో తరగతి పిల్లోడు లేచి అడిగినాడు: 'ఎవరో ఒకరు మొదట కట్టింటారు గదా సార్?' ఎంత మంచి ప్రశ్న! కర్త తెలియకపోవడం వేరు, కర్తను అడగకపోవడం వేరు. మన పాటల విషయంలో జరిగింది రెండోది.

ముద్ర వేసుకోవడం మనకు చేతగాని విద్య కాదు. మన సీమవాడని చెప్పుకునే వేమన రాజాస్థానం లేకుండానే పద్యం చివర పేరు పెట్టుకున్నాడు. ఆ ఒక్క పేరే ఆయన్ని ఇన్ని తరాలు నిలబెట్టింది. మన వాడల్లో శానామంది ఇండ్లలో 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఉంటుంది. తెరిచి చూడండి. కీర్తనతో పాటు రాసినవాని పేరు కూడా అచ్చయి ఉంటుంది. దేవుని పాటకే రాసినవాని పేరు అడ్డం కానప్పుడు మనిషి పాటకు ఎందుకు అడ్డమైతుంది?

పాటలో 'నేను' అనే మాట ఎట్లా వచ్చిందో రోంత చరిత్ర చూద్దాం. 1920లలో తెల్ల దొరతనం వద్దని గరిమెళ్ళ సత్యనారాయణ పాడినాడు. దేశమంతా ఊగింది. అదే ఎత్తుగడ మీద, ఈ నల్ల దొరతనం కూడా మాకొద్దని రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న పాట కట్టినాడు. తెల్ల తీసి నల్ల పెట్టినాడు. ఒక్క మాట మారింది. ఆ ఒక్క మాటతో 'మేము' అంటే ఎవరనేది మారిపోయింది. గరిమెళ్ళ 'మేము'లో మాలపల్లె ఉందో లేదో అని ధర్మన్న అడిగినాడు. పాట రాయడంలో మొదటి పాఠం ఇదే. నీ పాటలో 'మనం' అని రాసినప్పుడు ఆ మనంలో ఎవరున్నారు, ఎవరు లేరు?

గద్దర్ సంగతి చూడండి. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత ఇంట పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 1970లలో జననాట్యమండలితో జనంలోకి వచ్చినాడు. కూలోళ్ళు పాడుకునే బాణీలు తీసుకుని కొత్త మాటలు పెట్టినాడు. మొదట ఆయన పాటలో దొర ఉన్నాడు, కూలి ఉన్నాడు. 1985 జూలై 17న కారంచేడు జరిగినాక ఆయన పాటలోకి 'దళిత' అనే మాట కొత్త బలంతో వచ్చింది. 1997లో ఒంట్లోకి తూటాలు దిగినా పాట ఆపలేదు. ఆఖరు రోజుల్లో అంబేడ్కర్ దగ్గరికి, బుద్ధుని దగ్గరికి చేరినాడు. 2023 ఆగస్టు 6న పోయినాడు. అది చుండూరు జరిగిన రోజు. ఆయన్ని వేటాడింది రాజ్యమే. 2024లో తెలంగాణ సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టిందీ రాజ్యమే! ఎదుగుదల అంటే నా దృష్టిలో ఇట్లాంటిది. యాభై ఏళ్ళ పాటు ఒకే మాట పాడలేదు. కొత్త సత్యం ఎదురైతే పాటను దానికి తగ్గట్టు మార్చుకున్నాడు. సంస్థ ఒప్పుకుంటుందా లేదా అనేది తర్వాత చూసుకున్నాడు.

ఆయన విషయంలోనే ఇంకో సంగతి కూడా తెలుసుకోవాల. 'మా భూమి' సినిమాలో ఆయన పాడిన బండి పాట వినని తెలుగువాడు లేడు. శానామంది అది గద్దర్ కట్టిన పాట అనుకుంటారు. కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి యాదగిరి. పాడినవాని పేరు నిలిచి కట్టినవాని పేరు మరుగున పడడం మనలో మనకు కూడా జరుగుతుంది.

కలేకూరి ప్రసాద్‌ను తీసుకుందాం. 1968లో కోటేశును కాల్చి చంపిన కంచికచర్ల ఆయన ఊరు. పిడికెడు ఆత్మగౌరవం కోసం కవిత రాసినవాడు. మన అనంతపురం కథతో వచ్చిన 'శ్రీరాములయ్య' సినిమాలో సౌందర్యం నిండిన పాట కూడా ఆయనదే. ఆ పాట కూనిరాగం తీసేవాళ్ళలో ఎంతమందికి అది ఒక దళిత కవి రాసిందని తెలుసు? ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, మన పేరు మనమే చెప్పకపోతే ఎవరూ చెప్పరు. రెండు, దళితుని పాటంటే ఏడుపూ తిట్టే అనుకోవద్దు. ప్రేమ మీద, వాన మీద, కన్నబిడ్డ మీద పాట కట్టే హక్కు మనకుంది. మన మీద జరిగిన దౌర్జన్యం మీద మాత్రమే మనం పాడాలని ఎవరన్నా అంటే, అది కూడా ఒక రకం వెట్టే.

ఇప్పుడు మన గుత్తి మండలానికే వద్దాం. బసినేపల్లి తండాలో లంబాడీ ఇంట పుట్టిన సత్యవతి రాథోడ్ తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకుంది. హైదరాబాదు పోయి టీవీలో మంగ్లీ అయింది. యూట్యూబులో పండుగ పాటలు పాడి పేరు తెచ్చుకుంది. ఆ పేరు చూసి సినిమా ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. 2020లో 'అల వైకుంఠపురములో', 2021లో 'లవ్ స్టోరీ' సినిమాల్లో ఆమె పాటలు ఊరూరా మోగినాయి. తండా పిల్ల గొంతు అంతదూరం పోయిందంటే మనకు గర్వమే. అయితే ఆలోచించండి. ఇంట్లో గోర్‌బోలి, ఊళ్ళో రాయలసీమ తెలుగు మాట్లాడే నేల నుంచి పోయిన గొంతు తెలంగాణ యాసలో గుర్తింపు పొందింది. అది ఆమె తప్పు కాదు. తెలంగాణవాళ్ళు ఉద్యమం చేసి తమ యాసను పాటలో నిలబెట్టుకున్నారు. మన యాసకు పాటలో మనం చోటు చేసినామా? మన పిల్లోళ్ళు రాసిన పాటలు నేను వింటుంటాను. గుత్తిలో కూర్చుని కరీంనగర్ మాటల్లో రాస్తున్నారు. మన బుడ్డల చేను యాడ పోయింది? సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని ఈ నేల యాడ పోయింది? గుత్తి జంక్షన్‌లో మూటాముల్లె పట్టుకుని బెంగళూరు రైలు కోసం కూర్చున్న మన అక్క యాడ పోయింది? ఆమె మాట్లాడే మాటనే పాటలో పెట్టండి. అదే మీ సంతకం.

ఆ 'లవ్ స్టోరీ' పాట చుట్టూ జరిగిన చర్చ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సారంగ దరియా పల్లవి జనంలో పాతది. అంతకుముందే టీవీ కార్యక్రమంలో కోమలి అనే గాయని పాడింది. సినిమాకు చరణాలు సుద్దాల అశోక్ తేజ రాసినారు. పాట విడుదలయ్యాక, వెలుగులోకి తెచ్చిన నాకు గుర్తింపు ఏదని కోమలి అడిగింది. దర్శకుడు బహిరంగంగా స్పందించాల్సి వచ్చింది. ఎవరి వాదన ఎంత న్యాయమని నేను తీర్పు చెప్పబోవడం లేదు. కానీ ఆమె అడిగింది. అడగడం వల్లే పల్లవి యాడి నుంచి వచ్చిందో లోకానికి తెలిసింది.

తమిళనాడు చూడండి. అరివు అనే దళిత కవి భూమిలేని తన పూర్వీకుల మీద, టీ తోటలకు కూలికి పోయిన తన అవ్వ వల్లియమ్మాళ్ జ్ఞాపకం మీద రాసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' 2021లో లోకమంతా తిరిగింది. ఆ ఏడాదే ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట గురించి వేసిన ముఖచిత్రంలో అరివు లేడు. 2022లో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట పాడినప్పుడు కూడా వేదిక మీద అరివు లేడు. 2024లో దాని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణనే, ఆ పాట మీద మాకెవరికీ పైసా రాలేదని చెప్పినాడు. కోట్లమంది చూసిన పాట సంగతే అది. ఇక మన ఐదువేల మంది చూసిన పాట సంగతేమి?

అమెరికాలో నల్లవాళ్ళది కూడా ఇదే కథ. లెడ్‌బెల్లీ అనే నల్ల పాటగాడు జైల్లో పాడుతుంటే తెల్ల పరిశోధకుడు లోమాక్స్ రికార్డు చేసినాడు. తర్వాత ఆ పాటల హక్కుల్లో లోమాక్స్ పేరు కూడా చేరింది. లెడ్‌బెల్లీ 1949లో పేదవాడిగానే చనిపోయినాడు. మరుసటి ఏడాదే ఆయన పాట తెల్లవాళ్ళ బృందం గొంతులో దేశమంతా మోగింది.

ఇంత దూరం ఎందుకు, మన పక్క వాడలోనే జరిగింది చెబుతాను. ఒక పిల్లోడు వలస మీద పాట కట్టినాడు. స్టూడియోవాడు రెండు వేలు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఎన్నికలప్పుడు ఆ బాణీ మీదే నాయకుని పేరు అతికించి ప్రచారం బండిలో తిప్పినారు. వలసకు కారణమైనవాని పొగడ్తకు వలస పాట బాణీ! ఆ పిల్లోడు బజారులో నిలబడి తన పాటను తానే విన్నాడు. వాడికి పోయిన డబ్బు కంటే, పోయిన మాట ఎక్కువ బాధ పెట్టింది.

అందుకని చట్టం రోంత తెలుసుకోండి. మన దేశంలో 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసి పెట్టుకున్న రోజునే దాని మీద హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయకపోయినా హక్కు హక్కే. రాసినవాడు బతికినన్నాళ్ళు, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాల. కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. 2012లో చట్టం సవరించినారు. సినిమాలోకి, రికార్డులోకి పోయిన పాట మీద రాసినవానికి, బాణీ కట్టినవానికి రాయల్టీలో రావాల్సిన వాటాను ముందుగానే రాయించుకోవడం కుదరదని ఆ సవరణ చెబుతోంది. ఈ సవరణ సినిమా కవులు కొట్లాడి తెచ్చుకున్నది. మన వాడ కవికి కూడా వర్తిస్తుంది. సంతకం పెట్టేముందు చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. అంబేడ్కర్ మనకు చదువుమని చెప్పింది ఉద్యోగానికి మాత్రమే కాదు.

ఇక ఉద్యమం లోపలి మాట ఒకటి చెప్పాల. పాటను మన సంస్థలు కూడా శానాసార్లు వాడుకుని వదిలేస్తాయి. సభకు జనం వచ్చేదాకా పాడమంటారు. నాయకుడు రాగానే ఆపమంటారు. కరపత్రంలో ఉపన్యాసకుల పేర్లు పెద్దక్షరాల్లో, కింద 'కళాబృందం' అని ఒక్క మాట. ముంబైలో విలాస్ ఘోగ్రే అనే దళిత కవి గాయకుడుండేవాడు. వామపక్ష సాంస్కృతిక బృందంలో పాడినవాడు. తర్వాత ఆ బృందం ఆయన్ని దూరం పెట్టింది. 1997 జూలై 11న రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో 10 మంది చనిపోయినారు. ఆ దుఃఖంలో నాలుగు రోజులకే ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆనంద్ పట్వర్ధన్ 2011లో తీసిన 'జైభీం కామ్రేడ్' ఆయన కథతోనే మొదలయితుంది. పాటగాణ్ణి ఒంటరిని చేయొద్దండి. పాట బాగలేకపోతే బాగలేదని ఎదురుగా చెప్పండి. మనిషిని మాత్రం వదలొద్దు.

ఇంకో లోపలి మాట. చేలో బుడ్డలు పీకుతూ, ఇంట్లో బిడ్డను ఊపుతూ పాట కట్టేది ఆడోళ్ళు. మైకు పట్టేది మొగోళ్ళు. 'ఇది మా జేజి పాట' అని వేదిక మీద చెప్పి జేజి పేరు చెప్పనివాళ్ళు మనలోనే ఉన్నారు. అగ్రకులం మన పేరు మింగిందని అరిచే మనం మన ఆడోళ్ళ పేరు మింగితే న్యాయమెట్లయితుంది? ఈ హాల్లో వెనక వరుసలో కూర్చున్న చెల్లెళ్ళు వచ్చే సమావేశంలో ఇక్కడ, ఈ మైకు ముందర ఉండాల.

చదువు లేదని వెనక్కి పోవద్దు. బడి ముఖం చూడకుండా పశువులు కాసి, తాపీ పని చేసిన అందెశ్రీ రాసిన పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమయింది. 2025 నవంబరులో ఆయన పోయినాడు. పాటా ఉంది, పేరూ ఉంది. మరాఠీలో వేల పాటలు కట్టిన వామన్‌దాదా కర్డక్ పెద్దయినాక అక్షరాలు దిద్దినవాడు. అక్షరం ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు. రావడం ముఖ్యం.

ఇక చివరగా చేయాల్సిన పనులు. ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు పెట్టండి. పాట కట్టిన రోజు తేదీ వేసి, ఊరు పేరు రాసి, సంతకం చేయండి. పాత బాణీ తీసుకుంటే యాడ విన్నారో, ఎవరి నోట విన్నారో పక్కన రాయండి. మీ ఊరి ఆసాది దగ్గరికి, చెక్కభజన గురువు దగ్గరికి, మీ జేజి దగ్గరికి పోండి. వాళ్ళ పాట ఫోన్లో రికార్డు చేసేటప్పుడు మొదట వాళ్ళ పేరు వాళ్ళ నోటనే చెప్పించండి. పేరు లేని పాటను ఛానెల్లో పెట్టొద్దు. ఈ పత్రికలో వేసే ప్రతి పాట కింద కట్టినవాళ్ళ పేరు, ఊరు ఉండాలని సంపాదకులను మీ అందరి తరఫున అడుగుతున్నాను.

గుత్తి కోటలో శాసనాలున్నాయి. వేయించిన రాజుల పేర్లు వాటిలో ఉన్నాయి. ఆ రాళ్ళు కొండ మీదికి మోసినవాళ్ళ పేర్లు లేవు. రాయి మన చేతిలో లేని కాలమది. ఇప్పుడు కలం ఉంది, మైకు ఉంది, ఫోనుంది, చట్టం ఉంది. ఇంకా మన పేరు లేకపోతే ఆ తప్పు రాజులది మాత్రమే అని చెప్పలేం.

పాడండి. పాడినాక పేరు చెప్పండి.

జైభీం.